ఈ స్థలం అమ్మబడదు

ఉగాది మర్నాడు లెక్కపెట్టి పదకొండు ఉంచుకున్నాను.
ఆరు నూలువి, రెండు నారాయణపేట, ఒక గద్వాల,
వానలకని రెండు సింథటిక్.
తక్కినవన్నీ మూటగట్టి
"పాత బట్టలకు స్టీలు సామాన్" అని అరుస్తూ
గల్లీలోకొచ్చిన ఆమె ముందు దించాను.
ఆమె ఒక్కో మడతా విప్పి
వెలుతురుకు పట్టి చూసి
ముప్పై ఏడు చీరలకు
ఒక బేసిను, రెండు గిన్నెలు, ఒక జల్లెడ ఇచ్చింది.
"చినగనే లేదు గదమ్మా" అంది,
దొంగసొత్తేమో అన్నట్టు నన్ను చూస్తూ.

ఆ రాత్రి బీరువా తెరిస్తే
లోపల గాలి ఆడింది.
హ్యాంగర్లు ఒకదానికొకటి తగిలి మోగాయి.
ఇరవై రెండేళ్ళకు
దాని వెనక రేకు రంగు చూశాను.
ఆకుపచ్చ.

హైదరాబాదులో ఖాళీ
ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది?
రామంతాపూర్‌లో మా ఎదుటి ప్లాటు చూశాను కదా.
మొదట ఇసుక కుప్ప, తర్వాత టైర్లు లేని ఆటో,
తర్వాత రేకుల షెడ్డు,
షెడ్డుకు కరెంటు మీటరు.
నా కింది అరలోకి ముందు ఆయన స్వెట్టర్ వచ్చింది,
"రెండ్రోజులే" అని.
వెనకాలే మా ఆడపడుచు వినోద బొంత.
ఆ పైన పాడైన మిక్సీ,
వారంటీ కాగితంతో సహా.
చెరువు శిఖంలో ఇళ్ళు లేచినట్టు
రాత్రికి రాత్రి.

అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి అతికించాను:
ఈ స్థలం అమ్మబడదు.
కింద నా ఫోన్ నంబరు.
వంటింట్లో ఉంటే ఫోను మోగింది.
పక్కగదిలోంచి ఆయనే,
"ఎన్ని గజాలండీ?"

జులైలో ముసురు పట్టింది, నాలుగు రోజులు.
ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టిన కొంగు కప్పుకుని
సంభావ్యత పాఠం చెబుతుంటే
వీపంతా చెమ్మ.
మొదటి బెంచీ నౌషీన్ చెయ్యెత్తింది.
"మేడమ్, ఇవాళ బుధవారం.
మీరు గురువారం కట్టుకొచ్చారు."
క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.
స్టాఫ్ రూములో మాత్రం సువర్చల మేడమ్
కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి
"ఇంట్లో అంతా బాగే కదా? లోను గట్రా ఏమన్నా..."

శ్రావణం సంగతి చెప్పనే అక్కర్లేదు.
పసుపు కుంకుమతో చేతిలో పెట్టినదాన్ని
వద్దనడానికి తెలుగులో మాట లేదు.
మూడేళ్ళ కిందట నేనే ఇచ్చిన
వంకాయరంగు జాకెట్టు ముక్క
ఎన్నిళ్ళు తిరిగిందో,
మడత నలగకుండా నా దగ్గరికే వచ్చింది.

ఒక సెలవు గురువారం
మోటారుకేదో బిళ్ళ కావాలంటే
ఆయన వెంట జుమ్మేరాత్ బజారుకు పోయాను.
టార్పాలిన్ మీద బట్టల కుప్ప.
కుప్పలో ఆవపిండి రంగు అంచు.
తిరగేసి చూడక్కర్లేదు, అయినా చూశాను.
ఫాల్సుకు ఆకుపచ్చ దారం.
"పసుపు దారం అయిపోయింది, లోపలికే కదమ్మా" అని
ఖుద్దూస్ భాయ్ ఆ రోజు తొందరలో కుట్టిన దారం.

ఎవరో ఒకామె అప్పటికే బేరమాడుతోంది.
వాడు నూట యాభై అంటే
ఈమె డెబ్బై దగ్గర కదలదు.
నాకు రోషం పొడుచుకొచ్చింది,
నలుగురిలో నన్నే తక్కువ చేసి మాట్లాడినట్టు.
చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది.
పన్నెండు, అనుకున్నాను.
పన్నెండైతే మునిగిపోతామా?

అంతలో ఆమె నా వైపు తిరిగి
కొంగు ముందుకు చాపింది.
"అక్కా, రంగు పోతదా?"

నోట్లు వేళ్ళ మధ్యే ఉన్నాయి.
"పోదు," అన్నాను.
"నీడకు ఆరెయ్యి."

ఇంటికొచ్చి
మిక్సీని తీసి బయట పెట్టాను.
పొద్దున చూస్తే
మళ్ళీ లోపలుంది.